చిత్తూరు చాక్లెట్, బర్మింగ్‌హామ్ బొమ్మ

1952వ సంవత్సరం. చిత్తూరు అప్పటికి మద్రాసు రాష్ట్రంలో ఒక జిల్లా కేంద్రం. ఆంధ్ర రాష్ట్రం పుట్టడానికి ఇంకా ఏడాది ఉంది. ఆ ఏడాది ఈ ఊళ్ళో బి. వెంకటరామారెడ్డి గారు న్యూట్రిన్ కన్ఫెక్షనరీ కంపెనీని మొదలుపెట్టారు. సరిగ్గా ఆ రోజుల్లోనే బ్రిటన్‌లో పిల్లలకు మిఠాయిలు రేషన్ మీద ఇస్తున్నారు. యుద్ధం మధ్యలో, 1942 జూలైలో పెట్టిన రేషన్ అది. యుద్ధం అయిపోయాక 1949లో ఎత్తేసి చూశారు. జనం ఒక్కసారిగా అంగళ్ళ మీద పడ్డారు, సరుకు చాలలేదు, నాలుగు నెలలకే మళ్ళీ పెట్టారు. చివరికి 1953 ఫిబ్రవరి 5న గానీ ఆ రేషన్ పోలేదు. చిత్తూరులో న్యూట్రిన్ పొయ్యి వెలిగిన నాటికి లండన్ పిల్లవాడు చాక్లెట్ కొనాలంటే చేతిలో డబ్బుతోపాటు రేషన్ పుస్తకమూ ఉండాలి.

ఈ రెండు సంగతులూ పక్కపక్కన పెట్టుకుని చూసినప్పటి నుంచి నాకు ఒక ఆలోచన వదలకుండా ఉంది. చాక్లెట్ చరిత్ర అనగానే మనకు క్యాడ్‌బరీ, బర్మింగ్‌హామ్, పాత ఇంగ్లీషు పోస్టర్లు గుర్తొస్తాయి. ఆ పోస్టర్లను వాళ్ళు దాచుకున్నారు, అద్దాల వెనక పెట్టుకున్నారు, వాటి మీద పుస్తకాలు రాసుకున్నారు. మన చిత్తూరు బిళ్ళలకూ ఒక చరిత్ర ఉంది. వాటికీ ప్రకటనలు ఉన్నాయి. కాకపోతే అవి గోడల మీద లేవు, పత్రికల్లో పెద్దగా లేవు. అంగట్లో గాజు సీసాలో ఉన్నాయి, మనం విప్పి పారేసిన కాగితాల మీద ఉన్నాయి. ఈరోజు ఆ రెండు చరిత్రలూ కలిపి చెబుతాను.

ముందు వాళ్ళది. బ్రిటన్‌లో చాక్లెట్‌కు పేరు తెచ్చిన మూడు పెద్ద కుటుంబాలు ఉన్నాయి. బ్రిస్టల్‌లో ఫ్రై, బర్మింగ్‌హామ్‌లో క్యాడ్‌బరీ, యార్క్‌లో రౌన్‌ట్రీ. ముగ్గురూ క్వేకర్లు. క్వేకర్లంటే క్రైస్తవంలో ఒక చిన్న శాఖ. ఆయుధం పట్టరు, ఒట్టు పెట్టరు, ఆడంబరం ఒప్పుకోరు. ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయాలు చాలాకాలం వాళ్ళను చేర్చుకోలేదు. సైన్యంలో వాళ్ళు చేరరు. ఇక మిగిలింది వ్యాపారం. 1824లో జాన్ క్యాడ్‌బరీ బర్మింగ్‌హామ్ బుల్ స్ట్రీట్‌లో తెరిచిన అంగట్లో టీ, కాఫీతోపాటు తాగే కోకో కూడా అమ్మారు. తాగుడు కుటుంబాలను కూలుస్తోందని, దానికి బదులు జనానికి వేడివేడి కోకో అందాలని ఆయన నమ్మకం.

అయితే ఆ కాలంలో కోకో పొడి కొంటే అందులో ఉన్నదంతా కోకో కాదు. లోపల కొవ్వు ఎక్కువ కాబట్టి దాన్ని పీల్చడానికి పిండి కలిపేవారు. అంతటితో ఆగలేదు. 1850లలో లాన్సెట్ అనే వైద్య పత్రిక మార్కెట్లో సరుకు తెచ్చి పరీక్ష చేయిస్తే, కొన్ని నమూనాల్లో రంగు కోసం కలిపిన ఎర్రమట్టి, ఇటుక పొడి బయటపడ్డాయి. 1866లో క్యాడ్‌బరీ సోదరులు రిచర్డ్, జార్జి హాలండ్ నుంచి తెచ్చుకున్న యంత్రంతో కోకోలోని వెన్నను పిండి తీసేసి, పిండి కలపాల్సిన అవసరం లేని పొడిని తయారుచేశారు. దానికి వాళ్ళు రాసిన ప్రకటన చాలా చిన్నది. ఇది పూర్తిగా స్వచ్ఛం, అందుకే శ్రేష్ఠం అని. దాన్ని డాక్టర్ల చేత చెప్పించారు, లండన్ బస్సుల మీద రాయించారు. కల్తీ మీద 1875లో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసేనాటికి జనం నోట్లో ఆ మాట నానిపోయింది. ఒక ప్రకటన నిజం చెబితే ఎంత దూరం పోతుందో ఈ కథలో కనిపిస్తుంది. ఇవాళ అల్లం వెల్లుల్లి పేస్టు దగ్గర్నుంచి పాల దాకా కల్తీ గురించి భయపడే మనకు ఆ మాట బలం బాగా అర్థమవుతుంది.

పిండి తీసిన ఆ కోకో వెన్నను ఏం చేయాలి? దానితో తినే చాక్లెట్లు చేశారు. తినే చాక్లెట్ బార్ మొదట వచ్చింది బ్రిస్టల్‌లో, 1847లో, ఫ్రై వాళ్ళ దగ్గర. క్యాడ్‌బరీ వాళ్ళు ఆ చాక్లెట్లను అందమైన పెట్టెల్లో పెట్టారు. రిచర్డ్ క్యాడ్‌బరీకి బొమ్మలు వేయడం వచ్చు. తన కూతురు పిల్లికూనను పట్టుకున్న బొమ్మను తానే వేసి పెట్టె మూత మీద అతికించారు. చాక్లెట్ అయిపోయినా పెట్టె పారేయబుద్ధి కాదు. అందులో ఉత్తరాలు, రిబ్బన్లు, సూదీ దారం దాచుకున్నారు. ఆ పెట్టె ఇంట్లో ఉన్నన్నాళ్ళూ దాని మీది పేరు కంటికి కనబడుతూనే ఉంటుంది.

ఫ్రై కంపెనీ బొమ్మ ఇంకా పేరు పొందింది. ఒకే పిల్లవాడి అయిదు ముఖాలు వరసగా ఉంటాయి. మొదటి ముఖం ఏడుపు, చివరి ముఖం నవ్వు. చాక్లెట్ లేదని ఏడ్చి, వస్తుందని తెలిసి ఊరట పొంది, ఎదురుచూసి, సంబరపడి, చివరికి అది ఫ్రై వాళ్ళదే అని తెలుసుకోవడం దాకా ఒక కథంతా అయిదు ఫొటోల్లో చెప్పారు. ఎనామిల్ రేకుల మీద అచ్చు వేసి రైల్వేస్టేషన్లలో, అంగళ్ళ గోడలకు బిగించారు. ఎండావానలకు చెదరని రేకులవి. ఇప్పటికీ పాత వస్తువులు సేకరించేవాళ్ళు వాటికోసం వెతుకుతారు. మొదటి ఫొటోలో ఏడుపు నిజంగానే రావడానికి ఆ పిల్లవాడి మెడకు అమోనియాలో తడిపిన గుడ్డ చుట్టారని చెబుతారు. ఆ సంగతి విన్నాక నాకు ఆ బొమ్మను చూసి నవ్వడం సాధ్యం కాలేదు.

ఇక్కడ ఒక చేదు విషయం కూడా చెప్పుకోవాలి. స్వచ్ఛత పేరుతో అమ్మిన ఆ కోకో గింజలు ఎక్కడినుంచి వచ్చాయి? క్యాడ్‌బరీ వాళ్ళు కొన్న గింజల్లో పెద్ద భాగం పశ్చిమాఫ్రికా తీరంలోని సావో తోమే, ప్రిన్సిపే దీవులవి. అవి పోర్చుగీసు వాళ్ళ చేతుల్లో ఉండేవి. అక్కడి తోటల్లో అంగోలా నుంచి తెచ్చిన మనుషుల్ని పేరుకు కూలీలని, నిజానికి బానిసల్లా పనిచేయిస్తున్నారన్న సంగతి 1901లోనే విలియం క్యాడ్‌బరీ చెవిన పడింది. విచారణకు మనిషిని పంపారు, పోర్చుగల్‌తో మాట్లాడారు, ప్రభుత్వాన్ని కదిలించాలని చూశారు. కొనడం మానింది మాత్రం 1909లో. ఆలస్యాన్ని ఎత్తిచూపిన ఒక పత్రిక మీద వాళ్ళు పరువునష్టం దావా వేశారు. గెలిచారు. జ్యూరీ ఇప్పించిన పరిహారం ఒక్క ఫార్దింగు. అప్పట్లో బ్రిటన్‌లో అన్నిటికన్నా చిన్న నాణెం అది. పోస్టర్ల మీద బుగ్గలు ఎర్రబారిన పిల్లలు, గ్లాసుల్లో పాలు, పచ్చిక మైదానాలు కనిపిస్తాయి. గింజ పండించిన మనిషి ముఖం కనిపించదు. పాత ప్రకటనలను ప్రేమించేవాళ్ళం ఆ సంగతి మరచిపోకూడదని నా అభిప్రాయం.

రౌన్‌ట్రీ కంపెనీ కథ కొంచెం వేరు. పెద్దాయన జోసెఫ్ రౌన్‌ట్రీకి ప్రకటనలంటేనే ఇష్టం లేదు. సరుకు మంచిదైతే అదే అమ్ముడుపోతుందని ఆయన నమ్మకం. ఆయన తర్వాతి తరంలో, 1930లలో, జార్జి హారిస్ అనే ఆయన చేతికి పగ్గాలు వచ్చాక కంపెనీ తీరు మారింది. జనం దగ్గరికి వెళ్ళి మీకు ఏది ఇష్టం అని అడిగి, ఆ జవాబులను బట్టి చాక్లెట్‌ను, పెట్టెను, ప్రకటనను కలిపి రూపొందించారు. బ్లాక్ మ్యాజిక్ అలా 1933లో వచ్చింది. ఆ తర్వాత రెండేళ్ళకు, 1935లో, పనివాళ్ళు డబ్బాలో పెట్టుకుని వెళ్ళేందుకు వీలుగా చాక్లెట్ క్రిస్ప్ అనేదాన్ని తెచ్చారు. రెండేళ్ళకు దాని పేరు కిట్‌క్యాట్ అయింది. యుద్ధంలో పాలు దొరక్క పాలు లేని చాక్లెట్‌తో చేయాల్సి వచ్చినప్పుడు ఎర్ర కాగితం తీసేసి నీలం కాగితం చుట్టారు. ఇది మీరు ఎప్పుడూ తినే రుచి కాదు అని రంగుతోనే చెప్పేశారు. ఆ పద్ధతి నాకు చాలా గౌరవంగా అనిపిస్తుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. ఈ చాక్లెట్లు, ఈ పోస్టర్లు ఇంగ్లీషువాళ్ళతోపాటు మన ఊళ్ళకెందుకు రాలేదు? వచ్చినా మద్రాసు, బెంగళూరు కంటోన్మెంట్ల దగ్గరే ఎందుకు ఆగిపోయాయి? డబ్బు ఒక కారణం. ఎండ అంతకన్నా పెద్ద కారణం. కోకో వెన్న 34 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. నోట్లో పెట్టుకోగానే చాక్లెట్ కరిగే సుఖమంతా ఆ గుణం వల్లనే. కానీ చిత్తూరులో, తిరుపతిలో వేసవి ఎండ 40 దాటుతుంది. ఫ్రిజ్ లేని అంగట్లో పెట్టిన చాక్లెట్ బార్ మధ్యాహ్నానికి నెయ్యిలా జారి, రాత్రికి తెల్లని పూత పూసిన ముద్దగా గట్టిపడుతుంది. బర్మింగ్‌హామ్ చలిలో పుట్టిన వస్తువు మన ఎండలో నిలబడలేదు. 1948లో క్యాడ్‌బరీ మన దేశంలోకి చాక్లెట్ దిగుమతి చేసి అమ్మడం మొదలుపెట్టింది. తర్వాత బొంబాయి దగ్గర ఠాణేలో ఫ్యాక్టరీ పెట్టింది. అయినా చాలా ఏళ్ళు అది నగరాల్లో, ఫ్రిజ్ ఉన్న పెద్ద అంగళ్ళ వస్తువే.

మన ఎండకు తట్టుకునేది పాకం. చక్కెరనూ గ్లూకోజునూ కలిపి 140 డిగ్రీలు దాటేదాకా కాచి, నీరంతా ఇగిరిపోయాక రంగు, పులుపు, వాసన కలిపి, చల్లారుతుండగా లాగి, అచ్చుల్లో వేసి బిళ్ళలు కొడతారు. అది గట్టిపడితే ఎండకు కరగదు. తేమ ఒక్కటే దాని శత్రువు. పాలు, కొవ్వు కలిపి అంతకన్నా తక్కువ వేడి మీద కాస్తే నమిలే టాఫీ వస్తుంది. చిత్తూరు జిల్లాకు చెరకు ఉంది, బెల్లం ఉంది, పాడి ఉంది. బెల్లంపాకం పట్టడం ఇక్కడి చేతులకు కొత్త కాదు. కమ్మరకట్టు, శెనక్కాయల ఉండలు, బొరుగుల ఉండలు, తిరునాళ్ళలో లాగి చేసే జీళ్ళు, ఇవన్నీ మనకు ముందునుంచీ ఉన్నవే. ఊరు మద్రాసు నుంచి బెంగళూరు పోయే దారి మీద ఉంది. రెండువైపులా సంతలే. న్యూట్రిన్ ఇక్కడ పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

మనకు దగ్గర్లో, బ్రిటిష్ పేరుతో, అప్పటికే ఒక పెద్ద కంపెనీ ఉంది. పారీ. 1788లో మద్రాసు వచ్చిన థామస్ పారీ పేరు అది. చిత్తూరు వ్యాపారులు నేటికీ సరుకు కోసం బస్సెక్కి వెళ్ళే పారిస్ కార్నర్ కూడా ఆయన పేరే. కడలూరు దగ్గర నెల్లికుప్పంలో పారీ వాళ్ళ చక్కెర మిల్లు ఉంది, ఆ చక్కెర పక్కనే 1914లో పారీస్ మిఠాయిల ఫ్యాక్టరీ వచ్చింది. ఉత్తరాన బీహారులో మార్టన్ అనే మరో బ్రిటిష్ పేరున్న టాఫీ డబ్బాల్లో దొరికేది. ఈ పేర్ల మధ్య ఒక జిల్లా కేంద్రం నుంచి, ఒక తెలుగు కుటుంబం, పెద్ద నగరం అండ లేకుండా నిలబడి దేశమంతా అమ్మడం చిన్న విషయం కాదు. తమిళనాడు, కర్ణాటక, ఉత్తరాది దాకా న్యూట్రిన్ బిళ్ళ వెళ్ళింది. న్యూట్రిన్ వాళ్ళ మహా లాక్టో పేరు తెలియని పిల్లవాడు మా తరంలో లేడంటే అతిశయోక్తి కాదు.

మరి వీటికి ప్రకటన ఏది? ఆకాశవాణిలో ప్రకటనలు 1967 దాకా లేవు. దూరదర్శన్‌లో 1976లో మొదలయ్యాయి. అది కూడా మన పల్లెల్లో టీవీ లేని కాలం. పత్రిక కొని చదివే ఇల్లు వీధికి ఒకటి. కాబట్టి ప్రకటన అంతా అంగడి బల్ల మీద జరిగింది.

అక్కడ ఏం ఉండేదో గుర్తు చేసుకోండి. రేకు మూత ఉన్న గాజు సీసాలు వరసగా ఉంటాయి. ఒకదాంట్లో నిమ్మతొనలు, ఒకదాంట్లో పిప్పరమెంట్లు, ఒకదాంట్లో కాగితం చుట్టిన చాక్లెట్లు. పిల్లవాడి కళ్ళు సరిగ్గా సీసాల ఎత్తుకు ఉంటాయి. చదువు రాని పిల్లలు, చదువు రాని అమ్మలు పేరు చెప్పి అడగరు. పచ్చ కాగితందీ, ఎర్ర గీతలదీ అని చూపిస్తారు. సీసాలో వంద కాగితాలు ఒకదానిమీద ఒకటి ఒత్తుకుని ఉంటే, అదే పోస్టరు. కాగితం రెండు కొసలూ మెలిపెట్టి ఉంటుంది. ఆ మెలిక దగ్గర పేరు నలిగిపోకుండా, బిళ్ళ మీద నిండుగా కనిపించేలా బొమ్మ వేయాలి. అంగుళమున్నర జాగాలో, రెండు మూడు రంగుల్లో, అక్షరం రానివాడికి కూడా గుర్తుండేలా వేయాలంటే అది గొప్ప పనితనం. బ్రిటన్‌లో ఒక రంగు కోసం రెండు పెద్ద కంపెనీలు కోర్టుకెక్కాయి. క్యాడ్‌బరీ ఊదా రంగు తనదేనని నమోదు చేసుకోబోతే నెస్లే అడ్డుపడింది. 2013లో అప్పీలు కోర్టు నెస్లే వైపు తీర్పు చెప్పింది. రంగుకు ఉన్న విలువ మన అంగడాయనకు కోర్టు చెప్పకుండానే తెలుసు. కాగితం రంగు కొంచెం మారితే పిల్లవాడు వెనక్కి ఇచ్చేస్తాడు.

రెండో ప్రకటన నాణెం. న్యూట్రిన్ పుట్టిన రోజుల్లో కాణీలు, అణాలు నడిచేవి. 1957 ఏప్రిల్ నుంచి నయాపైసలు వచ్చాయి. అయిదు పైసలు, పది పైసలు, పావలా, తర్వాత అర్ధరూపాయి. బిళ్ళ ధర ఎప్పుడూ ఒక నాణెమే. ఒకటిన్నర నాణెం అంటే పిల్లవాడు కొనలేడు. చక్కెర ధర పెరిగినప్పుడు బిళ్ళ ధర పెంచడం కుదరదు, బరువు తగ్గించుకోవాలి, లేదంటే తర్వాతి నాణెం దాకా ఓర్చుకోవాలి. మిఠాయి వ్యాపారంలో ఉన్న అసలు కష్టం ఇదే. ఇంకోవైపు ఆ నాణెమే మేలు కూడా చేసింది. చిల్లర లేనప్పుడు అంగడాయన రెండు చాక్లెట్లు చేతిలో పెట్టేవాడు. పిల్లలు అడగని ఇళ్ళకు కూడా న్యూట్రిన్ అలా చేరింది. 2011 జూన్ చివరతో పావలా, దానికన్నా చిన్న నాణేలు చెల్లకుండా పోయాయి. అప్పటికే రూపాయి బిళ్ళల కాలం వచ్చేసింది.

మూడోది బడి. ఆగస్టు 15, జనవరి 26. జెండా ఎగరేసి, ప్రసంగాలు విని, ఎండలో నిలబడి అలసిన పిల్లలకు తలా రెండు చాక్లెట్లు. పుట్టినరోజు పిల్లవాడు కొత్త బట్టలేసుకుని తరగతిలో అందరికీ పంచే పొట్లం. మనకు మిఠాయి పెట్టె ఇచ్చే అలవాటు ముందే ఉంది. కానీ పేదా గొప్పా తేడా లేకుండా ఒక గదిలోని అరవైమంది పిల్లల చేతికీ ఒకే వస్తువు, ఒకే కాగితం, ఒకే రుచి అందడం ఈ బిళ్ళలతోనే వచ్చింది. రిచర్డ్ క్యాడ్‌బరీ పెట్టె ప్రేమించినవాళ్ళకు ఇచ్చే కానుక. మన బిళ్ళ పంచుకునే వస్తువు. ఈ తేడా నాకు చాలా పెద్దదిగా కనిపిస్తుంది. ఇంగ్లీషు పోస్టరు ఒక పిల్లవాడిని, ఒక ప్రియురాలిని చూపిస్తుంది. చిత్తూరు బిళ్ళ కొనేది లెక్కపెట్టి, తరగతికి సరిపడా.

మన తిరుపతి లడ్డూ సంగతి వేరే చెప్పాలా? 2009లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని కోసం ఎవరూ ఏ గోడ మీదా బొమ్మ వేయలేదు. కొండ నుంచి వచ్చినవాళ్ళు ఇరుగుపొరుగుకు చిటికెడు చిటికెడు పంచడమే దాని ప్రచారం. ఈ నేల మీద తీపికి పంచడంతోనే పేరు వస్తుందన్నది ఆ బిళ్ళలకూ వర్తించింది.

టీవీ వచ్చాక పద్ధతి మారింది. పారీస్ వాళ్ళ కాఫీ బైట్ ప్రకటన గుర్తుండే ఉంటుంది. ఇది కాఫీ అని ఒకరు, కాదు టాఫీ అని ఒకరు వాదించుకుంటూనే ఉంటారు, తెగదు. దక్షిణాదిలో కాఫీ తాగని ఇల్లు అరుదు కాబట్టి ఆ వాదన మన వంటింట్లోదే అనిపించింది. 1994లో క్యాడ్‌బరీ డైరీ మిల్క్ ప్రకటన వచ్చింది. క్రికెట్ మైదానం, బ్యాట్స్‌మన్ సిక్సర్ కొట్టాడు, గ్యాలరీలోంచి ఒక అమ్మాయి కాపలావాళ్ళను తప్పించుకుని పరుగెత్తుకొచ్చి మైదానంలో నాట్యం చేస్తుంది. ఓగిల్వీ సంస్థలో పీయూష్ పాండే రూపొందించింది అది. దాని లక్ష్యం ఒక్కటే. చాక్లెట్ పిల్లల తిండి అన్న అభిప్రాయం పోవాలి, పెద్దవాళ్ళు సిగ్గుపడకుండా తినాలి. పదేళ్ళ తర్వాత ఆ కంపెనీ ఇంకో మెట్టు ఎక్కింది. పండగకు, పరీక్ష పాసైనందుకు, జీతం వచ్చిన రోజుకు నోరు తీపి చేసుకోవడమనే మన ఆచారం మీదే ప్రకటనలు కట్టింది. లడ్డూ, జాంగ్రీ ఉండే చోట చాక్లెట్ కూర్చుంది. ఫ్రిజ్‌లు పెరిగాయి, అంగట్లో చల్లని గాజు పెట్టెలు వచ్చాయి. ఎండ అడ్డు తొలగింది.

ఆ తర్వాత కంపెనీలు చేతులు మారిన వేగం చూస్తే తల తిరుగుతుంది. రౌన్‌ట్రీని 1988లో నెస్లే కొనేసింది. నెల్లికుప్పం పారీస్ 2004లో కొరియా కంపెనీ లోట్టే చేతికి వెళ్ళింది. మన న్యూట్రిన్‌ను 2006లో గోద్రెజ్ కొన్నది, మరుసటి ఏడాది అందులో అమెరికా హెర్షీ భాగస్వామి అయింది, 2012లో పూర్తిగా హెర్షీది అయిపోయింది. క్యాడ్‌బరీని 2010లో అమెరికా క్రాఫ్ట్ కొన్నది. బ్రిటన్‌లో దానికి పెద్ద ఆందోళన జరిగింది. 2012లో అది మాండలీజ్ అయింది. ఆ మాండలీజ్ 2016 ఏప్రిల్‌లో శ్రీసిటీలో, అప్పటి మన చిత్తూరు జిల్లాలో, 134 ఎకరాల్లో పెద్ద ఫ్యాక్టరీ తెరిచింది. జిల్లాలు విడిపోయాక అది తిరుపతి జిల్లాలో ఉంది. 1824లో బుల్ స్ట్రీట్ అంగడి మీద రాసిన పేరు ఇవాళ సత్యవేడు పక్కన అచ్చవుతోంది. గోదావరి జిల్లాల కొబ్బరి తోటల నీడలో, ఆయిల్‌పామ్ తోటల్లో రైతులు కోకో పండిస్తున్నారు. దేశంలో కోకో ఎక్కువ పండేది మన ఆంధ్రప్రదేశ్‌లోనే. అంటే గింజ తెలుగుదే, ఫ్యాక్టరీ తెలుగు నేల మీదిదే. సావో తోమే సంగతి చెప్పుకున్నాం కాబట్టి అంటున్నాను. ఈసారి గింజ పండించిన రైతు ముఖం ప్రకటనలో కనిపించాలి.

క్వేకర్ల గురించి మొదట చెప్పాను. బర్మింగ్‌హామ్‌లోని బోర్న్‌విల్‌లో క్యాడ్‌బరీ వాళ్ళు పనివాళ్ళకు తోటలున్న ఇళ్ళు కట్టించారు, తమ నమ్మకాన్ని వ్యాపారంలో పెట్టారు. న్యూట్రిన్‌ను నడిపిన వి. ద్వారకానాథ్ రెడ్డి గారు తర్వాతి జీవితంలో తిరువణ్ణామలై వెళ్ళి, రమణ మహర్షి మార్గంలో ఉండిపోయి, ఆధ్యాత్మిక విషయాల మీద పుస్తకాలు రాశారు. మిఠాయి వ్యాపారం చేసిన మనుషుల లోపల ఇంత పెద్ద ప్రశ్నలు ఉండటం రెండు చోట్లా జరిగింది. చిత్తూరు గురించి రాసేవాళ్ళు ఇలాంటి జీవితాల మీద ఇంకా శ్రద్ధ పెట్టాలి.

నా మాటంతా చివరికి ఇక్కడికే వస్తోంది. యార్క్ విశ్వవిద్యాలయంలోని బోర్త్‌విక్ సంస్థ రౌన్‌ట్రీ కంపెనీ కాగితాలను భద్రపరిచింది. బోర్న్‌విల్‌లో 1990 నుంచి క్యాడ్‌బరీ వరల్డ్ అని ఒక ప్రదర్శనశాల నడుస్తోంది. పాత డబ్బా, పాత రేకు, పాత ముఖాలు అక్కడ ఎవరైనా వెళ్ళి చూడొచ్చు. 1900 ప్రాంతంలో విక్టోరియా రాణి దక్షిణాఫ్రికాలోని సైనికులకు పంపిన చాక్లెట్ డబ్బాలు, కొన్ని లోపలి చాక్లెట్‌తో సహా, ఈరోజుకీ కుటుంబాల దగ్గర ఉన్నాయి. వాళ్ళ చరిత్ర పెద్దదని అవి మిగల్లేదు. ఎవరో పారేయకుండా దాచారు, అంతే.

చిత్తూరు బిళ్ళ కాగితాలను కూడా అలా దాచాలి. మహా లాక్టో కాగితం ఒక్కో దశకంలో ఎలా ఉండేదో వరసగా పెట్టి చూస్తే, అచ్చు ఎలా మారింది, రంగులు ఎలా పెరిగాయి, మైనం కాగితం పోయి మెరిసే పొర ఎప్పుడు వచ్చింది, తెలుగు అక్షరం ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు, అన్నీ తెలుస్తాయి. పాకం పట్టినవాళ్ళు, బిళ్ళలు ఏరినవాళ్ళు, పొట్లాలు కట్టిన ఆడవాళ్ళు మన జిల్లాలోనే ఉన్నారు. పాకం దించే వేళ ఎలా తెలుసుకునేవారు, తేమ రోజుల్లో ఏం చేసేవారు, ఏ రంగు కాగితం ఏ ఊరికి ఎక్కువ పోయేది, ఇవన్నీ వాళ్ళకు తెలుసు. ఆ జ్ఞానం ఏ పుస్తకంలోనూ దొరకదు.

మీ ఇంట్లో అటక మీద పాత మిఠాయి డబ్బా ఉంటే తోమి రంగు పోగొట్టకండి, పొడి గుడ్డతో తుడిచి తడి తగలని చోట పెట్టండి. పుస్తకాల మధ్య చాక్లెట్ కాగితం దొరికితే జిగురుతో అతికించకండి, లామినేషన్ చేయించకండి, రెండు తెల్ల కాగితాల మధ్య చదును చేసి వెలుతురు పడని చోట ఉంచండి. వేరే కాగితం మీద పెన్సిలుతో అది ఏ ఊళ్ళో, ఏ అంగట్లో, ఏ ఏట కొన్నదో రాయండి. ఫ్యాక్టరీలో పనిచేసిన పెద్దవాళ్ళు ఇంట్లో ఉంటే ఈ వారమే వాళ్ళ పక్కన కూర్చుని ఫోన్‌లో వాళ్ళ మాట రికార్డు చేయండి. మొదట వాళ్ళు ఏ విభాగంలో చేరారో, మొదటి రోజు ఎవరు పని నేర్పారో అడగండి. మిగతాది వాళ్ళే చెబుతారు.